దీవుల నుంచి వచ్చిన ఊరు

అమెరికా ఈశాన్య తీరంలో, మసాచుసెట్స్ రాష్ట్రపు దక్షిణ కొసన, ఆకుష్నెట్ నది సముద్రంలో కలిసే చోట న్యూ బెడ్‌ఫర్డ్ అనే రేవు పట్టణం ఉంది. బోస్టన్‌కు దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, లక్షకు కాస్త మించిన జనాభాతో ఉన్న ఈ ఊరిలో ఇంచుమించు మూడో వంతు మంది తమ పూర్వీకులు పోర్చుగీసువారని చెప్పుకుంటారు. బేకరీ బోర్డుల మీద, సమాధి రాళ్ల మీద, చేపల పడవల వెనుక రాసిన పేర్లలో ఆ మాటకు సాక్ష్యం దొరుకుతూనే ఉంటుంది. అయితే ఆ పూర్వీకుల్లో అత్యధికులు యూరప్ ఖండంలోని పోర్చుగల్ నుంచి కాక, అట్లాంటిక్ నడుమనున్న అజోర్స్, మదీరా, కేప్ వర్డ్ దీవుల నుంచి వచ్చినవారు. ఫలానా దీవివాళ్లమని, ఫలానా ఊరివాళ్లమని చెప్పుకోవడమే వారికి అలవాటు. పోర్చుగీసువాళ్లు అన్న ఉమ్మడి పేరు చాలామందికి అమెరికాలో కాలుపెట్టాకే గట్టిపడింది. ఈ ఊరి పోర్చుగీసు వారసత్వాన్ని అర్థం చేసుకోవడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఓడలో మూటగట్టి తెచ్చుకున్నదానికంటే ఇక్కడి మిల్లు గేట్ల దగ్గర, అద్దె ఇళ్ల వాడల్లో పదిమందీ కూడి కట్టుకున్నదే అందులో ఎక్కువ.

పోర్చుగీసు అనగానే తెలుగు పాఠకుడికి వాస్కో డ గామా, గోవా కోట, ఫిరంగి మోత తలపుకు రావడం సహజం. గోడ కట్టే మేస్త్రి, బట్టలు సర్దే అల్మారా, చొక్కాకు బొత్తాం, గుడిసెల పేటలోకి వచ్చిన పాదిరి, ఇవన్నీ ఆ భాష నుంచి వచ్చి తెలుగులో ఇంటి మాటలైపోయినవే. ఆ మాటలను ఈ తీరానికి చేర్చినవారు సముద్రపు దారులను గుప్పిట పెట్టుకున్న వర్తకులు, సైనికులు, మతగురువులు. న్యూ బెడ్‌ఫర్డ్‌కు వెళ్లిన పోర్చుగీసువారి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వారు అక్కడికి ఏలడానికి పోలేదు, కూలికి పోయారు. సొంత జెండా నీడలో కాక మరొకరి ఓడలో, మరొకరి లెక్కల పుస్తకంలో అట్టడుగు వాటాదారుగా పోయారు.

తిమింగిలం వెంట

అజోర్స్ తొమ్మిది దీవుల గుంపు. లిస్బన్‌కు పడమరగా దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో, సముద్రగర్భపు అగ్నిపర్వతాలు పైకి పొడుచుకు రాగా ఏర్పడిన ఈ దీవుల్లో 15వ శతాబ్దంలో పోర్చుగీసువారు కాపురం పెట్టేదాకా మనుషుల ఊళ్లు లేవు. నల్లరాతి గోడల మధ్య చిన్న చిన్న మళ్లు, వాటిలో ఎక్కువ భాగం పెద్ద భూస్వాములవి, సాగుచేసేవారు కౌలుదార్లు. ద్రాక్షతోటలకు ఒకసారి, నారింజతోటలకు మరోసారి తెగులు సోకి 19వ శతాబ్దంలో ఆ కాస్త ఆదాయమూ పోయింది. దీనికి తోడు వయసొచ్చిన ప్రతి మగపిల్లవాడూ ఏళ్ల తరబడి సైన్యంలో పనిచేయాలన్న నిర్బంధం ఒకటి. ఇంటి దగ్గర ఆకలి, ఇల్లు దాటితే బారకాసు అన్న పరిస్థితిలో ఫయాల్ దీవి రేవు అయిన ఓర్తాలో ఆగే అమెరికా ఓడలు అక్కడి కుర్రవాళ్లకు మూడో దారిగా కనిపించాయి.

ఆ ఓడలు తిమింగిలాల వేటకు బయలుదేరినవి. భూగర్భం నుంచి నూనె తోడడం ఇంకా మొదలుకాని ఆ కాలంలో అమెరికా, యూరప్ నగరాల దీపాలకు, యంత్రాల కందెనకు తిమింగిలపు కొవ్వు కాచి తీసిన నూనే ఆధారం. స్పెర్మ్ వేల్ అనే జాతి తల భాగంలో ఉండే మైనం వంటి పదార్థంతో పొగరాని కొవ్వొత్తులు చేసేవారు. ఈ వ్యాపారానికి న్యూ బెడ్‌ఫర్డ్ ప్రపంచ రాజధాని. 1857లో అది శిఖరానికి చేరినప్పుడు ఈ ఒక్క రేవుకు చెందిన వేట ఓడలు 329. ఒక్కో ప్రయాణం మూడు, నాలుగేళ్లు సాగేది కనుక ఇంటినుంచి కొద్దిమంది సిబ్బందితోనే బయలుదేరి, దారిలో ఓర్తాలో ఆగి ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, మంచినీళ్లతో పాటు మనుషులను కూడా ఎక్కించుకోవడం ఓడ యజమానులకు గిట్టుబాటుగా ఉండేది. డాబ్నీ అనే అమెరికా కుటుంబంలోని మూడు తరాలవారు 1806 నుంచి 1892 వరకు ఫయాల్‌లో అమెరికా రాయబార ప్రతినిధులుగా ఉండి ఈ రాకపోకలకు ఇరుసుగా పనిచేశారు. సైన్యంలో చేరకుండా దేశం దాటడం నేరం కాబట్టి, చీకటి పడ్డాక ఒడ్డునుంచి పడవలో వచ్చి ఓడెక్కినవారు తక్కువేమీ కాదు.

వేట ఓడలో జీతం ఉండదు. అమ్మిన నూనెలో ప్రతివాడికీ ఒక భిన్నం. దాన్ని 'లే' అనేవారు. కోస్తా ఆంధ్రలో వేటకు పోయే మరపడవ మీద యజమానికి ఇన్ని పాళ్లు, సరంగుకు ఇన్ని, కళాసీకి ఇన్ని అని పంచుకునే పద్ధతి తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు, కాకపోతే ఇక్కడ పంపకంలోని తేడా కొండంత: కెప్టెన్‌కు పదిహేనో వంతు ప్రాంతంలో దక్కితే, ఎప్పుడూ ఓడెక్కి ఎరుగని దీవి కుర్రవాడికి నూటఎనభయ్యో వంతో రెండువందలో వంతో రాసేవారు. ఓడలోని కొట్టు నుంచి అప్పుగా తీసుకున్న బట్టలు, పొగాకు, బూట్ల ఖరీదు అందులోంచి పోను నాలుగేళ్ల తరువాత చేతికి దాదాపు ఏమీ మిగలకపోవడమూ ఉంది. అయినా ఆ ప్రయాణం అతన్ని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో దింపేది, అతనికి కావలసిందీ అదే. 1841లో ఇక్కడి నుంచే వేటకు వెళ్లి పదేళ్ల తరువాత 'మోబీ డిక్' నవల రాసిన హెర్మన్ మెల్విల్ కూడా అజోర్స్ మనుషులు వేట ఓడల్లో ఎంతమంది ఉంటారో అందులో ప్రత్యేకించి ప్రస్తావించాడు.

1859లో పెన్సిల్వేనియాలో ముడిచమురు బావి పడింది; 1871లో ఆర్కిటిక్ మంచులో చిక్కి 33 ఓడలు నాశనం కాగా వాటిలో 22 న్యూ బెడ్‌ఫర్డ్‌వే. లాభం తగ్గిన పనిని స్థానిక తెల్లవారు వదిలేస్తుంటే, ఆ ఖాళీల్లోకి దీవులవారు నావికులుగా, బల్లెం విసిరేవారిగా, తరువాత మేట్లుగా, చివరికి కెప్టెన్లుగా ఎదిగారు. ఒక వృత్తి చచ్చిపోతున్నప్పుడే అందులో అడుగువారికి పై మెట్లు దొరకడం చరిత్రలో తరచూ కనిపించే విడ్డూరం.

ఎవరు పోర్చుగీసువారు?

కేప్ వర్డ్ ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా ఉన్న ద్వీపసమూహం. 1975 వరకు పోర్చుగల్ వలస రాజ్యం. పోర్చుగీసు వలసదారులకూ, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లకూ పుట్టిన సంతతి అక్కడి జనాభాలో అధికం, వారి భాష పోర్చుగీసు మాటల మీద ఆఫ్రికా వ్యాకరణపు ఛాయలు పరుచుకున్న క్రియోలు. పదే పదే వచ్చే కరువులు తరుముతుంటే బ్రావా దీవి మగవారు వేట ఓడలెక్కారు. వేట ఆగిపోయాక పాత ఓడలను తామే కొని, వాటిలో మనుషులనూ సరుకులనూ ఇరువైపులా చేరవేసే ప్యాకెట్ వ్యాపారం నడిపారు. అమెరికా వలస చరిత్రలో ఆఫ్రికా మూలాలున్నవారు తమ ఇష్టంతో, తమ సొంత ఓడల్లో పెద్ద సంఖ్యలో వచ్చిన అరుదైన ఘట్టం ఇది. వచ్చినవారికి రేవు కూలి, కేప్ కాడ్ చుట్టుపక్కల క్రాన్‌బెర్రీ మడుల్లో పండ్ల కోత పని దొరికాయి.

వారి పాస్‌పోర్టు మీద పోర్చుగీసు అనే ఉండేది. న్యూ బెడ్‌ఫర్డ్‌లో మాత్రం అజోర్స్, మదీరాలవారు తెల్ల పోర్చుగీసువారు, వీరు నల్ల పోర్చుగీసువారు అయ్యారు. ఒకే రాజు ప్రజలుగా, ఒకే మతస్థులుగా వచ్చినవారి మధ్య క్లబ్బు తలుపులూ చర్చి బల్లలూ వేరుపడ్డాయి. 1905లో కేప్ వర్డ్‌వారు అవర్ లేడీ ఆఫ్ ది అసంప్షన్ పేరుతో అమెరికాలోనే తమ తొలి కాథలిక్ చర్చి పెట్టుకోవడం వెనుక భక్తితో పాటు ఈ వెలి కూడా ఉంది. జాతి రంగు చూసి మనిషిని తూచే దేశంలో నిలదొక్కుకోవడానికి దీవులవారు చెల్లించిన మూల్యాన్ని, తోటి దీవులవారి చేత చెల్లింపజేసిన మూల్యాన్ని, ఊరేగింపుల రంగుల్లో మరిచిపోవడం తేలిక. వారసత్వం గురించి రాసేవారు దాన్ని మరుగుపరచడం న్యాయం కాదు.

కేప్ వర్డ్ వలసకు మిగిలిన గొప్ప ఆనవాలు ఒక తెరచాప ఓడ. 1894లో మసాచుసెట్స్‌లోనే కట్టిన ఈ ఓడ, ఆర్కిటిక్ యాత్రల్లో పేరు మోసి, 'ఎర్నెస్టీనా' అన్న కొత్త పేరుతో కేప్ వర్డ్ చేతుల్లోకి వెళ్లి, 1960ల నడిమి దాకా అట్లాంటిక్ దాటించి మనుషులను తెచ్చింది; స్వతంత్ర కేప్ వర్డ్ 1982లో దాన్ని అమెరికా ప్రజలకు కానుకగా తిరిగి ఇచ్చింది.

మగ్గాల సందడి, ఆరు నెలల మౌనం

తిమింగిలాల సొమ్ము నూలు మిల్లుల్లోకి మళ్లింది. 1846లో ఏర్పడిన వామ్సుట్టా మిల్లుతో మొదలై, 20వ శతాబ్దం తొలినాళ్లకు న్యూ బెడ్‌ఫర్డ్ సన్నరకం నూలు బట్టకు అమెరికాలో పెట్టింది పేరైంది. ఇప్పుడు ఓడల్లో కుర్రవాళ్లు ఒంటరిగా రావడం కాదు, ఆవిరి ఓడల్లో కుటుంబాలకు కుటుంబాలే దిగాయి. భార్యాభర్తలూ పద్నాలుగేళ్ల పిల్లలూ ఒకే మిల్లులో వేర్వేరు అంతస్తుల్లో పనిచేశారు. వారు అద్దెకున్న ఇళ్లను 'త్రీ డెక్కర్' అంటారు: చెక్కతో కట్టిన ఇరుకైన మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకో కుటుంబం, ప్రతి అంతస్తుకూ వెనుక ఒక వరండా. కింద అద్దెకు దిగిన కుటుంబం పైసా పైసా కూడబెట్టి ఆ ఇల్లే కొని, పై రెండంతస్తులూ కొత్తగా వచ్చిన చుట్టాలకు అద్దెకివ్వడం అక్కడి పోర్చుగీసు కుటుంబాల ఆస్తి చరిత్ర.

మిల్లులో నైపుణ్యపు పనులు ఇంగ్లీషువారివి, ఫ్రెంచి కెనడావారివి. వృత్తి సంఘాలూ వారివే. ఊడ్చడం, మోయడం, దూదిపొగలో తొలి దశ యంత్రాల దగ్గర నిలబడడం దీవులవారి వంతు, సంఘాల్లో వారికి చోటు లేదు. 1928 ఏప్రిల్‌లో యాజమాన్యాలు జీతాల్లో పది శాతం కోత ప్రకటించినప్పుడు దాదాపు 30 వేల మంది మగ్గాలు ఆపి బయటికి వచ్చారు, ఆరు నెలలు లోపలికి వెళ్లలేదు. పాత సంఘాల నాయకులు చర్చల గదుల్లో ఉంటే, వీధుల్లో కాపలా కాసి, అరెస్టయి, సూప్ వంటశాలలు నడిపినవారిలో పోర్చుగీసు, కేప్ వర్డ్ కార్మికులు ముందున్నారు. కమ్యూనిస్టులు పెట్టిన కొత్త సంఘం వారిని సభ్యులుగా చేర్చుకోవడం దానికి ఒక కారణం. అప్పటికింకా ఇరవై ఏళ్లు నిండని మిల్లు కార్మికురాలు యూలా మెండెస్ ఆ సమ్మెలో వక్తగా ఎదిగింది. పాతికేళ్ల తరువాత కమ్యూనిస్టుల వేట సాగిన రోజుల్లో బహిష్కరణ ఉత్తర్వు మీదికి రాగా అమెరికా విడిచి పోలండ్ చేరుకోవలసి వచ్చింది. సమ్మె ఐదు శాతం కోత దగ్గర రాజీతో ముగిసింది. గెలుపని అనలేం. అయితే పోర్చుగీసువాళ్లు నోరెత్తరు, తలవంచి పనిచేస్తారు అని యజమానులు మెచ్చుకోలుగా చెప్పుకునే మాట ఆ ఏడాది చెల్లకుండా పోయింది.

అప్పటికే తలుపులు మూసుకున్నాయి. 1917 చట్టం చదవడం వచ్చినవారినే రానివ్వమంది. బడి ముఖం చూడని దీవులకు అది గట్టి దెబ్బ. 1924 చట్టం పోర్చుగల్ మొత్తానికి ఏడాదికి కేటాయించిన ప్రవేశాలు 503. కొత్తవారు పెద్దగా రాని తరువాతి నలభై ఏళ్లలో వచ్చినవారి పిల్లలు అమెరికనులయ్యారు, పేర్లూ మారాయి. పెరైరా పెర్రీ అయ్యాడు, రోడ్రిగెస్ రోజర్స్ అయ్యాడు, సిల్వా సిల్వియా అయ్యాడు. న్యూ బెడ్‌ఫర్డ్ టెలిఫోన్ డైరెక్టరీలో సిల్వియా అన్నది ఆడవారి పేరుగా కాక ఇంటిపేరుగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కిరీటం, మాంసం, మిరపకాయ

దీవులవారు తెచ్చుకున్న ఆచారాల్లో ముఖ్యమైనది పవిత్రాత్మ పండుగ. 14వ శతాబ్దం నాటి ఇసబెల్ రాణి కరువు తీరితే తన కిరీటాన్ని పవిత్రాత్మకు సమర్పిస్తానని మొక్కుకుందన్న ఐతిహ్యం దీనికి మూలంగా చెబుతారు. ఈస్టర్ తరువాత ఏడు వారాల పాటు, పావురం బొమ్మ ఉన్న వెండి కిరీటం చీట్లు తీసి ఎంచిన ఏడు ఇళ్లకు వారానికొకటి చొప్పున వెళ్తుంది; ఇంట్లో మంచి గదిలో మెట్ల పీఠం కట్టి, పూలు పేర్చి, రోజూ సాయంత్రం ఇరుగుపొరుగు చేరి జపమాల చెబుతారు. చివరి ఆదివారం ఆ కిరీటాన్ని ఒక పిల్ల తలమీద పెట్టి ఊరేగించాక వచ్చినవారందరికీ భోజనం. రొట్టె ముక్కల మీద పుదీనా రెమ్మ వేసి, గొడ్డుమాంసంతో కాచిన వేడి పులుసు పోసే ఈ వంటకాన్ని 'సోపాస్' అంటారు. దానికి డబ్బు పుచ్చుకోరు, ఎవరివని అడగరు. తెలుగు పల్లెలో ఉత్సవం చివరినాటి సంతర్పణకు ఇది దూరమేమీ కాదు. పోర్చుగల్ ప్రధాన భూభాగంలో చాలా చోట్ల కనుమరుగైన ఈ పండుగను గురువుల పెత్తనం లేని గృహస్థుల సంఘాలు దీవుల్లో కాపాడాయి, అందుకే సంఘం ఎక్కడికి వెళ్తే పండుగా అక్కడికి వెళ్లగలిగింది.

ఊరికి పేరు తెచ్చిన పండుగ మాత్రం మదీరావారిది. 1915లో నలుగురు మదీరా వలసదారులు, తమ దీవిలోని ఎస్ట్రెయిటో ద కల్యేటా గ్రామపు తిరునాళ్ల నమూనాలో, ఊరి ఉత్తర భాగాన ఉన్న ఇమ్మాక్యులేట్ కన్సెప్షన్ చర్చి వద్ద దివ్యసత్ప్రసాద పండుగను ప్రారంభించారు. ఆగస్టు తొలి వారాంతంలో నాలుగు రోజులు సాగే ఈ తిరునాళ్లు పోర్చుగీసు పండుగల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని నిర్వాహకులు చాటుకుంటారు. మైదానం నడుమ నలభై అడుగుల పొడవున నిప్పుల గాడి ఒకటి ఉంటుంది. జనం పచ్చి గొడ్డుమాంసం ముక్కలు తూకానికి కొని, ఉప్పూ వెల్లుల్లీ పట్టించి, మనిషి నిలువెత్తు ఇనుప చువ్వకు గుచ్చి, గాడి గట్టున భుజం భుజం రాసుకుంటూ తామే కాల్చుకుంటారు. చువ్వ తిప్పడం తెలియనివాడికి పక్కవాడు చెప్పకుండా ఉండలేడు. మదీరా నుంచి పీపాల్లో తెప్పించిన ద్రాక్ష సారా పోస్తారు. పులియడం మధ్యలో ఆపి మద్యసారం కలిపి, వేడిలో మగ్గబెట్టడం వల్ల చెడకుండా సముద్రాలు దాటగలిగే రకం అది. నిర్వహణ బాధ్యత సంప్రదాయంగా మదీరా మూలాలున్న మగవారిదే కావడం, వందేళ్ల తరువాత కూడా, పండుగ తొలినాటి ఊరి కట్టుబాట్లను ఎంత పట్టుగా మోస్తున్నదో చెబుతుంది. అది ప్రశంస ఒక్కటే కాదు.

పండుగలో దొరికే మరో వంటకం మాంసాన్ని ద్రాక్షసారా, వెల్లుల్లిలో రాత్రంతా నానబెట్టి వేయించేది, పేరు 'వీన్యా ద ఆల్యోస్'. ఇదే పేరు గోవాలో మసాలాలు, సిర్కా కలుపుకుని నోరు తిరిగి 'విండాలూ' అయింది. ఒకే వంటకం తూర్పుకు పాలకుల ఓడలోనూ పడమటికి కూలీల ఓడలోనూ వెళ్లి రెండు ఒడ్డులా నిలబడింది.

తెలుగువారికి ఇంకా దగ్గరగా తోచేది మిరపకాయ సంగతి. మిరపను అమెరికా ఖండాల నుంచి భారతదేశానికి చేర్చింది పోర్చుగీసు వర్తకులే. ఆ కాయే అజోర్స్ వంటింట్లోనూ కుదురుకుంది. వేసవి ముగిసి సెప్టెంబరు వచ్చేసరికి న్యూ బెడ్‌ఫర్డ్ ఇళ్ల గరాజుల్లో, కింది గదుల్లో పండుమిరపకాయల బుట్టలు దిగుతాయి. కండపట్టిన పొడవాటి ఎర్రకాయలు. తొడిమలు తుంచి, నిలువునా చీల్చి గింజ రాల్చి, మాంసం రుబ్బే చేతిమరలో తిప్పుతారు. మోచేతుల దాకా ఎరుపు అంటుకుంటుంది, కళ్లు మండుతాయి, ముక్కు తుడుచుకోవడానికి మంచి చెయ్యి మిగలదు. రుబ్బిన గుజ్జులో ఉప్పు దిట్టంగా కలిపి, కొన్నాళ్లు పులియనిచ్చి, గాజు సీసాల్లోకి ఎత్తి పైన నూనె తేటగా పోస్తారు. పేరు 'పిమెంటా మొయీడా', అంటే రుబ్బిన మిరప. చింతపండు, ఇంగువ పోపు లేవన్న మాటే గాని, పండుమిరపకాయ పచ్చడి జాడీకెత్తిన ఇంటివారెవరికైనా ఆ పని వరస వేరే చెప్పనక్కర్లేదు. ఏడాది పొడుగునా చేపకూ, మాంసానికీ, బొబ్బర్ల వంటి గింజల కూరకూ ఈ సీసాయే ఆధారం. పెరట్లో 'కోవె' అనే పెద్దాకుల గోబీ జాతి ఆకుకూర, మెట్ల పక్కన ద్రాక్ష పందిరి, గుమ్మం పక్క గోడకు నీలిరంగు పెంకు మీద ఒక పునీతుని బొమ్మ కనబడితే ఇంటివారి మూలం అడగకుండానే తెలిసిపోతుంది.

బూడిద తెరిచిన దారి

1957 సెప్టెంబరు 27న ఫయాల్ దీవి పడమటి కొసన, కపెలిన్యోస్ అనే చోట సముద్రం మరగడం మొదలైంది. నీటి అడుగున పేలిన అగ్నిపర్వతం పదమూడు నెలల పాటు బూడిద కక్కి, లైట్‌హౌసును మొదటి అంతస్తు దాకా పూడ్చి, పొలాలను పాడుచేసి, ఇళ్ల కప్పులను కూల్చివేసి, దీవికి రెండు చదరపు కిలోమీటర్లకు పైగా కొత్త నేల చేర్చింది. అమెరికాలోని బంధువులు తమ ప్రతినిధుల మీద ఒత్తిడి తెచ్చారు. సెనేటర్లు జాన్ పాస్టోర్, జాన్ కెన్నెడీ ముందుకు తెచ్చిన అజోర్స్ శరణార్థుల చట్టం 1958లో అమలులోకి వచ్చి 1,500 కుటుంబ యజమానులకు వీసాలిచ్చింది, రెండేళ్ల తరువాత మరో 500 కలిపింది. సంఖ్య చిన్నది, కాని మూసిన తలుపులో అది తొలి సందు. 1965లో దేశాలవారీ కోటాల పద్ధతి రద్దై, కుటుంబ సభ్యులను రప్పించుకునే వీలు కలిగాక, ఆఫ్రికాలో పోర్చుగల్ సాగిస్తున్న వలస యుద్ధాలకు కొడుకులను పంపడం ఇష్టంలేని తల్లిదండ్రులు ఓడల బదులు విమానాల్లో వచ్చారు. 1960, 1970 దశకాల్లో పోర్చుగల్ నుంచి అమెరికాకు వచ్చినవారు లక్షా డెబ్బై వేలకు పైనే. వారిలో పెద్ద భాగం న్యూ బెడ్‌ఫర్డ్, పక్కనున్న ఫాల్ రివర్ చుట్టూ చేరింది.

ఈ రెండో రాకడ లేకుంటే చెప్పుకోవడానికి వారసత్వం పెద్దగా మిగిలేది కాదన్నది అతిశయోక్తి కాదు. 1919లో పుట్టి, 1927 నుంచి 'దియారియో ద నోటీసియాస్' పేరుతో న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి వెలువడిన పోర్చుగీసు దినపత్రిక పాత తరంతో పాటు వృద్ధాప్యంలో పడి 1973లో ఆగిపోయింది. అంతకు రెండేళ్ల ముందే కొత్తవారి కోసం 'పోర్చుగీస్ టైమ్స్' వారపత్రిక పుట్టింది. అదే 1971లో పట్టణ గ్రంథాలయం 'కాజా ద సౌదాద్' పేరుతో పోర్చుగీసు పుస్తకాల శాఖను తెరిచింది. సౌదాద్ అన్నది పోర్చుగీసువారు తమ స్వభావానికి గుర్తుగా చెప్పుకునే మాట. దూరమైనదాని మీద బెంగ, అది ఇక రాదేమోనన్న దిగులు, ఆ దిగులులోనే ఉన్న ఒక తీపి, మూడూ కలిసినది. గ్రంథాలయానికి అంతకంటే తగిన పేరు దొరకదు, అంతకంటే బరువైనదీ దొరకదు.

కొత్తవారికీ పాతవారికీ పొత్తు వెంటనే కుదరలేదు. అమెరికాలో పుట్టినవారికి వీరి మాట మొరటు, వీరికి వారి పోర్చుగీసు నవ్వులాట. 'స్టోర్' 'ఎస్టోవా'గా, 'స్వెటర్' 'సువెరా'గా మారిన ఆ కలగలుపు భాషను చదువుకున్నవారు ఎగతాళి చేశారు, కాని సెలవులకు వెళ్లినవారి వెంట, పంపిన బట్టల మూటల వెంట ఆ మాటలే అజోర్స్‌కు చేరి అక్కడ ఇంటి మాటలయ్యాయి. బొత్తాం తెలుగు మాట అయినట్టే సువెరా దీవి మాట అయింది.

1983లో ఊరి బారు ఒకదానిలో ఒక యువతిపై జరిగిన సామూహిక అత్యాచారం, మరుసటి ఏడాది దేశమంతటా టీవీలో చూపిన విచారణ ఈ సమాజాన్ని కుదిపేశాయి. నిందితులు పోర్చుగీసు వలసదారులు కావడంతో రేడియో చర్చల్లో జాతి మొత్తాన్నీ తిట్టిపోశారు. దానికి నిరసనగా వేలాదిమంది కొవ్వొత్తులతో వీధుల్లోకి వచ్చారు. ఆ తిట్లు అన్యాయమనడంలో సందేహం లేదు. కాని బాధితురాలు కూడా పోర్చుగీసు సంతతి మనిషే, కేసు నడిపిన జిల్లా ప్రభుత్వ న్యాయవాదీ అంతే. ఆ ఊరేగింపుల్లో కొందరు దోషులవైపు నిలబడగా, ఊరు విడిచి పోవలసి వచ్చింది మాత్రం ఆమె. పరువును కాపాడుకోవడానికి బయలుదేరిన సమాజం ఎవరిని తనవారిగా లెక్కించిందన్న ప్రశ్న కేప్ వర్డ్‌వారి విషయంలో ఎంత ఇబ్బందికరమో ఇక్కడా అంతే ఇబ్బందికరం.

1986లో పోర్చుగల్ యూరప్ ఆర్థిక కూటమిలో చేరాక వలస సన్నగిల్లింది. 1871లో ఏర్పడి, ఉత్తర అమెరికాలో తొలి పోర్చుగీసు పారిష్‌గా నిలిచిన సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి 2012లో మూతపడింది. స్కాలప్ అనే చిప్పజీవి పుణ్యాన ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో అత్యధిక విలువైన చేపలరేవుగా నిలిచిన న్యూ బెడ్‌ఫర్డ్‌లో పడవల మీద పోర్చుగీసు పేర్లు ఇంకా ఉన్నాయి, కాని చేపలు శుభ్రంచేసే షెడ్లలో కత్తి పట్టినవారిలో చాలామంది ఇప్పుడు గ్వాటెమాలా కొండల నుంచి వచ్చిన మాయా ప్రజలు. వారి మాతృభాష కిచే. ఇళ్లనుంచి తరిగిపోతున్నది సంస్థల్లోకి చేరుతోంది: 1999లో మదీరా వారసత్వ మ్యూజియం, సమీపంలోని డార్ట్‌మత్‌లో ఉన్న మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పోర్చుగీసు అమెరికన్ పత్రాల భాండాగారం, 2010లో తిమింగిలాల మ్యూజియంలో అజోర్స్ వేటగాళ్ల పేరిట ఒక విభాగం. అదే మ్యూజియంలో 'లగోడా' అనే వేట ఓడకు సగం కొలతలో 1916లో కట్టిన నమూనా ఉంది. అంత పెద్ద ఓడ నమూనా మరెక్కడా లేదంటారు.

వేట పడవ కథ మాత్రం మ్యూజియం గోడల మధ్య ఆగలేదు. పెద్ద ఓడ నుంచి నీటిలోకి దించి తిమింగిలాన్ని వెంటాడే ఆ సన్నని పడవ న్యూ బెడ్‌ఫర్డ్ వడ్రంగుల నమూనా. ఓడల్లో పనిచేసి ఇంటికి తిరిగి వెళ్లినవారు దాన్ని వెంట తీసుకెళ్లి, తమ కెరటాలకు తగ్గట్టు పొడవు పెంచి, కొండమీది కాపలాదారు కేక వేయగానే ఒడ్డునుంచే వేటకు దిగేవారు. అమెరికాలో ఆ వృత్తి 1920లలోనే అంతరించగా, అజోర్స్‌లో 1980ల దాకా సాగింది. వేట ఆగిపోయాక అక్కడి పడవలకు కొత్త తెడ్లు, కొత్త తెరచాపలు కట్టి పందేలకు దింపారు, ఆ పడవల నమూనాలో కట్టినవి ఇప్పుడు న్యూ బెడ్‌ఫర్డ్ నీళ్లలోనూ ఉన్నాయి. ఈ శతాబ్దం మొదటి దశకం నుంచి ఇరువైపుల జట్లూ ఒకసారి ఇక్కడ, ఒకసారి దీవుల్లో పోటీ పడుతున్నాయి. తెడ్లు పట్టేవారిలో ఆడవారి జట్లూ ఉన్నాయి.